మోటారు టీము గోలీ సుభాన్ బాషా

హాకీ గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు చిత్తూరులో లేడని నా నమ్మకం. ఈ మాట బెల్లం మండీ మునెయ్య ముందర అంటే కొట్టుకు చస్తాం, అందుకని కాగితం మీద అంటున్నాను. నా పేరు సుందరరాజు. కోర్టు ముందర చెట్టు కింద కూర్చుని జనానికి అర్జీలు రాసి బతికినవాణ్ణి. కర్ర పట్టి ఒక్కనాడైనా బంతిని కొట్టిన పాపాన పోలేదు. ఆడనివాడికే ఆట బాగా తెలుస్తుందని మా నమ్మకం. నవ్వితే నవ్వండి.

చెప్పబోయేది నా సంగతి కాదు, సుభాన్ బాషా సంగతి. కానీ ఆయన బతుకులో నేను వేలు పెట్టాను గనక నన్ను పక్కన పెట్టి చెప్పడం కుదరదు.

యుద్ధం రోజులు. పెట్రోలు కంటికి కనబడేది కాదు. బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ము, దాంట్లో బొగ్గు పోసి రాజేసి, గాలి చక్రం తిప్పి తిప్పి పొగ పుట్టించి, ఆ తర్వాత ముందుకొచ్చి ఇనప హ్యాండిలు వేసి బలంకొద్దీ తిప్పితే అప్పటికి దయ పుడితే ఇంజను కదిలేది. ఊళ్ళో పెద్ద బస్సు కంపెనీ తణికాచలం మొదలియారుది, శేషాచల మోటారు సర్వీసు. ఆయనకు బస్సులంటే ఎంత పిచ్చో హాకీ అంటే అంతకు రెండింతలు. కంపెనీ పేరు మీద టీము పెట్టాడు. సరదాగా ఆడుకునే టీము కాదు, ఆటగాళ్ళందరికీ నెలజీతం. పేరుకు ఒకడు కండక్టరు, ఒకడు క్లీనరు. అసలు పని మాత్రం పోలీసు గ్రౌండులో రెండు పూటలా హాకీ. దాన్ని మేం మోటారు టీము అనేవాళ్ళం.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. టీములో ఉన్నవాడికి డ్రైవరు సీటు ఇవ్వరు. డ్రైవరు తెల్లవారి బస్సు తీసుకుని తిరుపతి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఇక ఆటకు ఎక్కడ దొరుకుతాడు? అందుకని ఆటగాడు ఆటగాడే, డ్రైవరు డ్రైవరే. డ్రైవరుకు చూపు ఆనినంత కాలం కూడు. ఆటగాడికి కాళ్ళు ఆడినంత కాలం. ఇంతే తేడా. ఈ తేడా మాకెవరికీ పట్టేది కాదు.

సుభాన్ బాషా మోటారు టీముకు గోలీ, అంటే గోలు కాపలా కాసేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొడుగు మనిషి, మాట తక్కువ. కంపెనీలో బొగ్గు డ్రమ్ములు రాజేసే పని ఆయనది. బంతి ఎటునుంచి వచ్చినా ముందే తెలిసినట్టు అక్కడ కాలు పెట్టేవాడు. టీము మాత్రం ఘోరంగా ఓడేది. వెల్లూరు వాళ్ళ చేతిలో ఓడాం, కోలారు వాళ్ళ చేతిలో ఓడాం, ఒకసారి కాలేజీ పిల్లకాయల చేతిలో కూడా ఓడి తలగుడ్డలు ముఖం మీదికి లాక్కుని ఇళ్ళకు పోయాం. ఆయన లేకపోతే పడే గోల్స్‌కు లెక్కే ఉండేది కాదు.

రోజూ సాయంత్రం కంపెనీ షెడ్డులో బొగ్గు మూటల మీద మా సభ. లేచేటప్పటికి అందరి పంచెలూ వెనక నల్లగా ఉండేవి. ఇంట్లో తిట్లు తినేవాళ్ళం, మర్నాడు మళ్ళీ అక్కడే కూర్చునేవాళ్ళం.

"గోల్ కొట్టేవోడు లేకుండా గెలుస్తామా అబ్బా?" అనేవాడు మునెయ్య. "బెంగళూరు నుంచి ఇద్దరు దొరల పిల్లోళ్ళను తెప్పించమను. ముందర ఇద్దరు పులులుంటే ఎనక గొర్రెలున్నా సాలు."

మిషన్ స్కూల్లో డ్రిల్లు చెప్పే శాంతయ్య ఒప్పుకునేవాడు కాదు. "అరువు పులులు ఎన్నాళ్ళుంటాయప్పా? మన పిల్లోళ్ళనే ఎంచి నేర్పిస్తే మూడేండ్లకు టీము తయారవుతుంది."

"మూడేండ్లా? అప్పటికి నేనుంటానో పోతానో!"

"నువ్వు పోతే టీముకేం నష్టంలే."

ఇక నా వంతు. "ఇల్లు కట్టేవోడు పునాది యాడ తీస్తాడు? ఎనక తీస్తాడు. గోలీ గట్టిగుంటే వాని ముందర అడ్డుకునే ఇద్దరు బ్యాకులను తెస్తే చాలు, తక్కింది అదే వస్తుంది," అనేవాణ్ణి. పునాది వెనక తీస్తారని ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం అందరూ తలలు ఊపేవారు.

మూడు పక్షాలకూ ఒక్క మాట మీద మాత్రం తగాదా లేదు. ఎవరిని తీసినా, ఎవరిని తెచ్చినా, గోలులో సుభాన్ బాషా ఉండాల్సిందే.

నలభై నాలుగులో ఒకరోజు మధ్యాహ్నం ఆయన కోర్టు దగ్గరికి వచ్చి నా చాప ముందర గొంతుక్కూర్చున్నాడు.

"సుందరన్నా, ఒగ అర్జీ రాయాల."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా గాదు. తిరుపతి లైను చిన్నబ్బకు కండ్లకు పొర వచ్చింది గదా, నెలాఖరుకు దిగిపోతాడంట. ఆ సీటు నాకిమ్మని మొదలియారుకు రాయాల. లైసెన్సు తీసి రెండేండ్లయింది. టీములోనుంచి నన్ను తప్పించమని రాయి."

నేను కలం కింద పెట్టాను. "ఇప్పుడేం తొందరప్పా? ఇంకో రెండేండ్లు ఆడు."

"రెండేండ్ల తర్వాత ఏ సీటు ఖాళీ అవుతుందన్నా? మా నాయన ఒళ్ళొంగినంత కాలం బండి తోలినాడు. నేనట్ల నిలకడగా ఒగచోట కూర్చోవాల. మోకాళ్ళు రాత్రిపూట వాస్తా ఉండాయి. నా తర్వాత ముగ్గురు పిల్లోళ్ళుండారు."

ఇంత పొడుగు మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. రాశాను. తప్పు చెప్పకూడదు, అడిగినది అడిగినట్టు రాసి చదివి వినిపించాను. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు అక్షరం రాదు. వేలిముద్ర కాదు, ఉర్దూలో సంతకం పెట్టి మడిచి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం బొగ్గు మూటల మీద నేను ఈ సంగతి బయటపెట్టాను. కడుపులో దాచుకోవాల్సిన మాట. అర్జీ రాసేవాడికి నోరు మూసుకోవడమే మొదటి ధర్మం. ఆరోజు ఆ ధర్మం కాస్తా బొగ్గులో కలిసింది. మునెయ్య గుండె పట్టుకున్నాడు. శాంతయ్య "ప్రభువా" అన్నాడు. వెంటనే ఇంకో అర్జీ రాయాలని తీర్మానం చేశాం. రాయడానికి ఇంకెవరున్నారు? నేనే రాశాను. సుభాన్ బాషాను గోలు నుంచి తప్పిస్తే ఊరి పరువు పోతుందని, కప్పు పోటీలు రెండు నెలల్లో ఉన్నాయని, అభిమానుల మనవి ఆలకించమని. మూడు రోజులు ఊరంతా తిరిగి రెండు వందల చిల్లర సంతకాలు పెట్టించాం. ఆయన ఇంటి పక్కనున్న గాజుల వ్యాపారి చేత కూడా పెట్టించాం.

మొదలియారు నన్ను పిలిపించాడు. బల్ల మీద రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"ఏమయ్యా సుందరరాజూ, రెండూ నీ చేతి రాతే. ఇందులో నేను దేన్ని నమ్మాల?"

ఆయన పెద్దగా నవ్వి, "ఊరందరి మాట కాదంటానా? కప్పు కానియ్. అంతదాకా తిరుపతి సీటులో ఎవడో ఒకణ్ణి కూర్చోబెడతా. కప్పు కాగానే సీటు బాషాదే. నా మాట," అన్నాడు.

నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఇద్దరికీ మేలే చేశాను గదా అనుకున్నాను. సుభాన్ బాషా మర్నాడు మళ్ళీ చాప ముందరికి వచ్చాడు.

"రెండో అర్జీ గూడా నువ్వే రాసినావంట గదన్నా."

"నీ మంచికే అబ్బా. రెండు నెలలే గదా."

"అది గూడా ఒగసారి సదివి ఇనిపీ."

దాని నకలు నా పెట్టెలో ఉంది. తీసి చదివాను. సగంలో చదవడం ఆపబోయాను, ఎందుకంటే చాలా బాగా రాశాను. ఆయన ఆటను ఎంత పొగడవచ్చో అంత పొగిడాను. చివరిదాకా విన్నాడు.

"బాగుండాది," అన్నాడు. "నాదాని కన్నా బాగా రాసినావు."

అని లేచి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇప్పుడు తల్చుకున్నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

కప్పుకు మూడు వారాలు ఉందనగా, పోలీసు గ్రౌండులో ఉత్త ప్రాక్టీసు ఆటలో బంతి ఎగిరి ఆయన కుడి మణికట్టుకు తగిలింది. చప్పుడు గ్రౌండు గట్టు మీద కూర్చున్న మాకు కూడా వినబడింది. ఎముక విరిగింది. శాంతయ్య మిషన్ ఆస్పత్రికి పోదామన్నాడు. మిగతావాళ్ళం శాంతయ్య మీద పడి కరిచినంత పని చేశాం. ఎముక విరిగితే పుత్తూరు గాక ఇంకెక్కడికి పోతారు ఎవరైనా? అదే రోజు బస్సులో పుత్తూరు తీసుకుపోయాం.

కట్టు కట్టే పెద్దాయన ఎముకను వేళ్ళతో తడిమి, లాగి, పసరు రాసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. సుభాన్ బాషా పళ్ళు కొరుక్కున్నాడే గాని కిక్కురుమనలేదు.

"మూడు కట్లు పడాల," అన్నాడు పెద్దాయన. "పదిహేను దినాలకొకటి. మూడో కట్టు ఇప్పేదాకా ఈ సేత్తో సెంబు గూడా ఎత్తరాదు. ఇన్నారా?"

విన్నాం. అందరం తలలు ఊపాం.

రెండో కట్టు పడింది. మూడో కట్టుకు ఇంకా గడువుంది, ఈలోపల కప్పు పోటీలు వచ్చి పడ్డాయి. వేరే కుర్రాణ్ణి గోలీగా పెట్టి ఎట్లాగో మొదటి రెండు ఆటలు గట్టెక్కాం. దేవుడి దయ, అవతలివాళ్ళు మాకన్నా చెత్తగా ఆడారు. ఫైనలు కోలారు వాళ్ళతో. ఆ కుర్ర గోలీని పెడితే డజను గోల్స్ ఖాయం. ఆ సాయంత్రం బొగ్గు మూటల మీద ఎన్నడూ లేనిది మేం ముగ్గురం ఒక్క మాట మీదికి వచ్చాం.

మా వైపు ఒక నమ్మకం ఉంది. పుత్తూరు కట్టు పడిన ఎముక అసలు విరగని ఎముక కన్నా గట్టిగా ఉంటుందని. మా తాత చెప్పాడు, మునెయ్య తాత చెప్పాడు. మిషన్ ఆస్పత్రి అన్న శాంతయ్య కూడా చిన్నప్పటి నుంచి ఆ మాట విన్నవాడే. ఒక కట్టుకే అతుక్కుంటుంది, రెండో కట్టుకు గట్టిపడుతుంది, మూడోది ఊరికే శాస్త్రానికి అని మేం తేల్చేశాం. అదీగాక కట్టు చుట్టూ వెదురు బద్దలున్నాయి. దాన్ని మించిన కవచం ఏముంది? కట్టు మీదనే గ్లౌజు తొడిగితే సరి. ఇంత తెలివి ముగ్గురికీ ఒకేసారి ఎట్లా పుట్టిందో!

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి పోయాం. ఆయన భార్య జహీరున్నీసా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మా మాట సగం వినగానే చేట కింద పెట్టింది.

"మీకు కండ్లు కనబడతా ఉండాయా అన్నా? కట్టుతో ఉండే మనిషిని ఆటకు పిలస్తా ఉండారే!"

"పుత్తూరు కట్టమ్మా, ఏం గాదు," అన్నాడు మునెయ్య.

"ఏం గాదని మీరెట్ల సెప్తారు? ఆ సెయ్యి మీ టీముది గాదు. మా ఇంటిది. ఆ సేత్తోనే ఆయన రేపు బస్సు తోలాల."

సుభాన్ బాషా గడప మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి నన్ను అడిగాడు.

"మొదలియారు ఏమన్నాడన్నా?"

ముందురోజే మొదలియారును కలిశాం. ఆయన అన్న మాట దాచలేదు, చెప్పాను. "బలవంతమేమీ లేదన్నాడు. ఆడలేకపోతే మానుకోమన్నాడు. సీటు సంగతి మాత్రం కప్పు తర్వాత సూస్తామన్నాడు."

"సూస్తామన్నాడా? ఇస్తామన్నాడా?"

"సూస్తామన్నాడు."

ఆయన కట్టు వేసిన చేతి వంక చూసుకున్నాడు. ఆడకపోతే సీటు అనుమానం. ఆడితే చెయ్యి అనుమానం. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేను కళ్ళారా చూసింది ఆ గడప మీదే. జహీరున్నీసా ఆయన్ను ఉర్దూలో ఏదో బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపి, "ఆడతా," అన్నాడు.

ఒక్కడు, మా ముగ్గురిలో ఒక్కడు, వద్దప్పా అని ఉంటే ఆయన మానుకునేవాడేమో. మేం ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ వీధిలోకి వచ్చాం.

ఫైనలు నాడు పోలీసు గ్రౌండులో ఇసక వేస్తే రాలదు. మావాళ్ళు మొదటి సగంలోనే ఎట్లాగో ఒక గోల్ కొట్టారు, దాన్ని పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నారు. తక్కిన ఆటంతా మా గోలు ముందరే జరిగింది. ఆయన కాళ్ళతో ఆపాడు, ఎడం చేత్తో పట్టిన కర్రతో ఆపాడు, పడుకుని ఒంటితో ఆపాడు. అయిదు నిమిషాలుందనగా కోలారు వాళ్ళకు షార్ట్ కార్నరు వచ్చింది, అంటే గోలుకు దగ్గర నుంచి గురిచూసి కొట్టే అవకాశం. వాళ్ళ బ్యాకు ఎద్దులాంటివాడు. కొట్టిన బంతి నేరుగా కుడివైపు పైకి లేచింది. ఎడమ చెయ్యి అందదు. సుభాన్ బాషా కుడి చెయ్యి అడ్డం పెట్టాడు.

బంతి ఆగింది. కప్పు మాది.

నేను ఏడ్చాను. మునెయ్యా శాంతయ్యా కావలించుకున్నారు. జనం ఆయన్ను భుజాల మీద ఎత్తుకుని గ్రౌండు చుట్టూ తిప్పారు. ఎడమ చెయ్యి మాత్రమే పైకెత్తాడు. గ్లౌజు లోపల వెదురు బద్దలు విరిగి ఉన్నాయని అప్పుడు మాలో ఎవరం చూడలేదు. తర్వాత చూశాం.

పుత్తూరు పెద్దాయన కట్టు విప్పి మమ్మల్ని ఒక్కొక్కరినీ ముఖంలోకి చూశాడు. "సెంబు ఎత్తొద్దంటిని గదరా," అన్నాడు. ఎముకను మళ్ళీ సరిచేసి కట్టాడు, నాలుగోది కూడా కట్టాడు. చేతనైనదంతా చేశాడు. ఎముక అతుక్కుంది గాని మణికట్టు వంకరపోయింది. వేళ్ళు పిడికిలిగా మూసుకోవు.

మొదలియారు మాట తప్పేవాడు కాడు. అది కూడా చెప్పాలి. కట్టు విప్పిన వారానికి తిరుపతి బస్సును షెడ్డు ముందర నిలబెట్టించి, "రా బాషా, సీటు నీదే. హ్యాండిలు తిప్పి బండి తియ్యి," అన్నాడు. డ్రమ్ము తానే రాజేసుకున్నాడు సుభాన్ బాషా. ముందుకొచ్చి హ్యాండిలు దూర్చి కుడి చేత్తో పట్టాడు. వేళ్ళు మూసుకోలేదు, జారాయి. రెండోసారి పట్టాడు. జారాయి. అప్పుడు ఎడమ చేత్తో తిప్పాడు. ఇంజను ఎదురు తన్నింది, హ్యాండిలు వచ్చి మోకాలికి తగిలింది. మళ్ళీ లేచాడు. అన్నిసార్లు చూడలేక నేను తల తిప్పుకున్నాను. బస్సులో కూర్చున్న ప్రయాణికులు బిన్నా తియ్యమని, పొద్దుపోతోందని అరుస్తున్నారు. కడాకు మొదలియారే దగ్గరికి పోయి హ్యాండిలు ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఆ సీటులో తాత్కాలికంగా కూర్చున్నవాడు ఒక్క తిప్పుకు బండి తీసి తిరుపతి వెళ్ళిపోయాడు.

"నీకు జీతం ఆపను," అన్నాడు మొదలియారు. "టీములోనే ఉండు."

ఇంకేముంది? టీములోనే ఉన్నాడు. బొగ్గు డ్రమ్ములు, పోలీసు గ్రౌండు. మరుసటి ఏడు యుద్ధం ముగిసింది, కొత్త ఆటలు మొదలయ్యాయి. ఆయన కుడివైపు వచ్చే బంతులన్నీ లోపలికే. అవతలివాళ్ళకు ఆ సంగతి తెలిసిపోయింది, అందరూ ఆ వైపే కొట్టేవాళ్ళు. ఒక్క వారంలో రెండు ఆటలు ఓడాం.

ఆ సాయంత్రం మా సభ మామూలుగానే జరిగింది. మునెయ్య బెంగళూరు పులుల్ని మళ్ళీ తెచ్చాడు. శాంతయ్య మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నా వంతు వచ్చింది.

"ముందర గోలీని మార్చాల," అన్నాను. "బాషా మంచోడే, ఎవరు కాదన్నారు? కానీ టీము కట్టాలంటే జాలి పనికిరాదు."

"నిజమే," అన్నారు ఇద్దరూ.

బస్సు వెనక నుంచి సుభాన్ బాషా వచ్చాడు. ఎడమ చంకలో బొగ్గు గంప ఉంది. ఆయన అక్కడ ఉన్నాడని మాకు తెలియదు. గంప కింద పెట్టి, మేం కూర్చున్న మూటల్లో ఒకటి కావాలన్నట్టు నిలబడ్డాడు. శాంతయ్య లేచి పక్కకు జరిగాడు.

"నువ్వు సెప్పింది నిజమే సుందరన్నా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నన్ను తీసెయ్యాల్సిందే. తీసేసినాక నేను యాడికి పోవాల్నో అది గూడా మీరే మాట్లాడుకోండి. టీము గురించి ఇంత ఆలోచన సేస్తారు గదా."

మూట విప్పి, గంప నింపుకుని, ఎడమ చంకకు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. డ్రమ్ములో బొగ్గు పోస్తున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. తర్వాత మునెయ్య గొంతు సవరించుకుని, వెల్లూరులో ఒక కుర్ర గోలీ ఉన్నాడంట, బాగా ఆపుతాడంట అన్నాడు. ఏ వయసు, ఎంత పొడుగు అని నేను అడిగాను.